గోడెక్కిన అగ్నిపర్వతాలు

కొండలు ఉబ్బెత్తుగా తేలేలా చేసిన హవాయి దీవుల చెక్క మ్యాపులు అమ్మేవాళ్లకు ఒకటే జబ్బు. పెట్టె మీద 'హ్యాండ్‌మేడ్' అని ఉండి తీరాలి. కొలతలు కంప్యూటర్‌వి, చెక్కేది సీఎన్‌సీ మెషీను. చివర్లో ఎవరో మనిషి ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్ది నూనె పూస్తాడు. అంతే, చేతిపని! ఈ లెక్కన కుక్కర్ మూత తీసే నేనూ నలభీముణ్నే.

ఇక ఎత్తుల సంగతి. హవాయి దీవుల్లోకెల్లా పెద్ద దీవి పొడవు దాదాపు 150 కిలోమీటర్లు, దాని మీదున్న మౌనా కేయా కొండ ఎత్తు 4,207 మీటర్లు. దీవిని 30 సెంటీమీటర్ల పలకలో ఇమిడిస్తే ఆ మహాపర్వతం సెంటీమీటరు కూడా లేవదు. అంత డబ్బు పోసి చదును పలక ఎవడు కొంటాడు? అందుకే ఎత్తును రెండింతలో మూడింతలో చేస్తారు. గోరంతలు కొండంతలు చేయడానికీ ఒక స్కేలుందన్నమాట.

అక్కడి మౌయీ దీవి రిసార్టులో వారం గడిపొచ్చిన కాలిఫోర్నియా బావగారింట్లో ఈ పలక సోఫా పైన వేలాడుతోంది. భోజనానికి పిలిచిన పాపానికి ప్రతి ఒక్కరూ దాన్ని తడమాల్సిందే. "ఇదిగో కిలావియా, వేడిగా లేదూ?" "లేకేమండీ, కాలుతోంది!" ఈలోగా వాళ్ల బుడ్డోడు సోఫా ఎక్కి అగ్నిపర్వతం నోట్లో చెగోడీ కుక్కాడు. అక్కయ్య దాన్ని పుల్లతో పీకుతుంటే బావగారు పక్కన నిలబడి లావా గురించి లెక్చరిచ్చారు. 2018లో అసలు లావా 700కు పైగా ఇళ్లు మింగింది. ఇక్కడది పోస్తే గట్టిపడే ఎర్ర రెసిన్. కుషన్లకు చక్కగా మ్యాచయింది.

మౌయీ పక్కన పేరు లేని చెక్కపేడు ఒకటి అంటించి ఉంది. అదేంటని అడిగాను. "ఏదో ఖాళీ దీవిలే" అన్నారు.

ఖాళీనా? అది కహోఓలవే. అదీ అగ్నిపర్వతమే. 1941 నుంచి 1990 దాకా అమెరికా నేవీ దాని మీద బాంబులేసి గురి నేర్చుకుంది. 1965లో 500 టన్నుల టీఎన్‌టీ పేలుడుమందు గుట్టపోసి పేల్చింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆపండి బాబూ అని పోరాడిన జార్జ్ హెల్మ్, కిమో మిచెల్ 1977లో ఆ సముద్రంలోనే గల్లంతయ్యారు. 1994లో దీవిని హవాయి రాష్ట్రానికి అప్పగిస్తూ కాగితాలు మార్చారు. పేలని బాంబులు మాత్రం నేటికీ అక్కడే ఉన్నాయి, అనుమతి లేకుండా కాలు పెట్టనివ్వరు. ఖాళీ అట! సిగ్గుండాలి.

మౌనా కేయాను మూడింతలు లేపినవాళ్లకు 1965 పేలుళ్లకు కహోఓలవే మీద పడ్డ గుంత చెక్కడం ఎంతసేపు? అందులో ఉప్పునీళ్లున్నాయి. రెసిన్ మీ దగ్గరే ఉందిగా, ఈసారి నీలం పోయండి.