యాస ఉన్న నోట అలంకారం నిలవదట!

పొద్దున్న లేచేసరికి మళ్ళీ అదే మెసేజ్. ఈ వారంలో నాలుగోసారి. మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకడు పెట్టాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు, ఆఖరికి మా చిన్నత్త కూడా పైన చేతులు జోడించిన బొమ్మ పెట్టి పంపింది. "మీ పిల్లల్ని సరదా ప్రసంగాల పోటీలకి పంపుతున్నారా? ఈ ఆరు నిజాలు తెలుసుకోండి" అని మొదలవుద్ది.

చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తా. అలంకారాలు కావ్యాలకే, మామూలు మాటల్లో వాడితే డాంబికం. ఉపన్యాస కళ గ్రీకువాళ్ళ సొత్తు, తెలుగువాళ్ళకి ఆ సంప్రదాయమే లేదు. దోమ గురించీ దోసె గురించీ పెద్ద పెద్ద అలంకారాలతో మాట్లాడటం భాషకి అవమానం. యాస ఉన్నవాళ్ళ నోట అలంకారం నిలవదు, ముందు యాస మాన్పించి తర్వాత స్టేజీ ఎక్కించండి. ఈ ప్రసంగాలు అబద్ధాన్ని అందంగా చెప్పడం నేర్పుతాయి. ఏ మాటైనా మూడుసార్లు తిప్పి చెప్తే విన్నవాడి మెదడు నమ్మేస్తుంది కాబట్టి ఇది ప్రమాదకరమైన విద్య. ఇవీ ఆ ఆరు.

ఎప్పట్లాగే చదివి వదిలేసేవాణ్ణే. కానీ ఈసారి ఒక పాప ఆగిపోయింది. మా శ్రీకాకుళంలో ఏటా ఆగస్టు 29కి మా వీధి పిల్లలకి సరదా వాదన పోటీ పెడతాం, తొమ్మిదేళ్ళుగా వాళ్ళని తయారు చేసేది నేనే. విషయం ఎంత చిన్నదైతే అంత మంచిది, కానీ ప్రాణం పోయే సమస్య లాగా వాదించాలి, అయిదు నిమిషాల్లో కనీసం నాలుగు అలంకారాలు పడాలి. ఎనిమిదో తరగతి పాప ఒకతె పొద్దున్నే టీ మానేసి చోడంబలి, అంటే రాగి అంబలి, తాగాలని ప్రసంగం రాసుకుంది, నెల రోజులు చెప్పుకుంది. మొన్న వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, "మాస్టారూ, మా అమ్మాయికి యాస ఎక్కువండి, నలుగురిలో నవ్వులపాలు అవుద్ది, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. మెసేజ్‌లో నాలుగో పాయింటుని ఉన్నదున్నట్టు నాకు వినిపించారు. అందుకే రాస్తున్నా.

మొదటిది. అలంకారాలు కావ్యాలకేనట. భరతుడు నాట్యశాస్త్రంలో ఉపమ, రూపకం, దీపకం, యమకం అని నాలుగు అలంకారాలు చెప్పాడు, అది నాటకం గురించిన పుస్తకం, అంటే మనుషులు స్టేజీ మీద ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడే మాటల గురించి. తర్వాత వచ్చిన లక్షణ గ్రంథాలు, అంటే అలంకారాల నియమాలు చెప్పే పుస్తకాలు, ఉదాహరణలు పద్యాల్లోంచే ఎక్కువ తీసుకున్న మాట నిజమే. అయితే ఆ పద్యాల్లో ఏం జరుగుతుందో కూడా చూడాలి కదా. పోతన ప్రహ్లాదుడు "కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ" అన్నది ఎవరితో? కన్నతండ్రితో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఆయన్ని ఒప్పించడానికి. ఒకే మాట కొంచెం తేడా భావంతో వెంటనే మళ్ళీ రావడాన్ని లాటానుప్రాస అంటారు, దానికి బళ్ళో ఇదే ఉదాహరణ చెప్తారు, కానీ అది ఒక చిన్నపిల్లాడి వాదన అని మాత్రం చెప్పరు.

రెండోది గ్రీకువాళ్ళ సంగతి. మెసేజ్ వాళ్ళు అరిస్టాటిల్ కనిపెట్టాడంటారు, దానికి కింద మా గ్రూపులో ఒకాయన మన అలంకార శాస్త్రాన్ని వాళ్ళు ఎత్తుకుపోయారని జవాబు పెట్టాడు. రెండూ తప్పే. అరిస్టాటిలే తనకి ముందు ఉపన్యాస విద్య మీద పుస్తకాలు రాసినవాళ్ళని తప్పుపట్టాడు, అంటే ఆయనకి ముందే అక్కడ ఉంది. మనకి మన దారి ఉంది. రెండు చోట్లా మనుషులు మాట్లాడారు, రెండు చోట్లా ఏది చెవికి తగుల్తుందో గమనించి పేరు పెట్టుకున్నారు. ఇంతకంటే దీనికి టైమ్ ఇవ్వను.

మూడోది, చిల్లర విషయాలు భాషకి అవమానం. గ్రీకుల్లో గోర్గియాస్ అని ఒక ఉపన్యాసకుడు, ట్రాయ్ యుద్ధానికి కారణం అని అందరూ తిట్టే హెలెన్‌ది తప్పేం లేదని ప్రసంగం రాసి, చివర్లో ఇది నా ఆటవస్తువు అని తనే చెప్పాడు. లూషియన్ ఈగని పొగుడుతూ రాశాడు. సైనీసియస్ బట్టతల గొప్పదని రాశాడు, అదీ ఎందుకంటే అంతకుముందు ఒకాయన జుట్టుని పొగిడాడని. 1511లో అచ్చయిన డచ్ పండితుడు ఎరాస్మస్ పుస్తకంలో మూర్ఖత్వమే లేచి నిలబడి తనని తాను పొగుడుకుంటుంది. వీళ్ళెవరూ భాషని అవమానించినవాళ్ళు కారు, అక్కడి చదువుల్లో వీళ్ళని నేటికీ చదువుతున్నారు. మన దగ్గరికి వస్తే శ్రీనాథుడి పేర చెప్పుకునే పల్నాటి చాటువు ఉంది కదా, "చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు" అని, పాదాలన్నీ ళ్ళు ళ్ళు అంటూ సాగే అంత్యానుప్రాస. దేనిమీద? రాళ్ళూ తేళ్ళూ జొన్నకూడు మీద. ఎనిమిది మంది పృచ్ఛకులు అడిగేవాటికి అవధాని ఒక్కడే జవాబు చెప్పే అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడికి పనే అది, అవధాని ధారణ చెదిరిపోయేలా అడ్డదిడ్డం ప్రశ్న అడగాలి, ఆయన దానికి చమత్కారంగా జవాబిచ్చి మళ్ళీ సమస్యాపూరణంలోకి వెళ్ళాలి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథా పితామహుడు. పిట్టకథ లేని హరికథ ఎక్కడుంది చెప్పండి. ఆటని భాషలోంచి తీసేస్తే ఇవన్నీ పోతాయి.

ఇక నాలుగోది. దీని దగ్గర నాకు ఓపిక లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

యాస ఉన్నవాళ్ళ నోట అలంకారం నిలవదు అని రాసినవాళ్ళు మా మార్కెట్‌లో చేపల దగ్గర ఒక్క పూట నిలబడాలి. కిందటి నెల నేను చేప తాజాదేనా అని అడిగితే ఆవిడ "సేప సచ్చిపోనాది గానీ బాబూ, కల్లు సూడు, ఇంకా నిన్నే సూస్తంది" అంది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పడం, ఇది ఉత్ప్రేక్ష కాక మరేమిటి? పుస్తకం ముట్టని మనవణ్ణి మా నాయనమ్మ "నీయంత బుద్ధిమంతుడు పేటలో లేడ్రా, పుస్తకం మడత నలక్కుండా సదివీసినావు" అనేది. పొగిడినట్టుండి తిట్టడం, దాని పేరు వ్యాజస్తుతి, పుస్తకంలో పేరు తెలియకపోయినా ఆవిడకి వాడకం తెలుసు. ప్రతి తగువులోనూ పెద్దవాళ్ళు ఒక సామెత తెచ్చి మూత వేస్తారు చూడండి, ఒక చిన్న సంగతిని పెద్ద మాటతో నిలబెట్టడం, అదే అర్థాంతరన్యాసం.

ఆ పాప ప్రసంగంలోంచి ఒక ముక్క రాస్తాను, ఆమె అన్నది అన్నట్టే:

"టీ మంచిది కాదని నాను అన్ను. పాలకీ పంచదారకీ అమ్మ ఎంత కర్సెడతందో అదీ అన్ను. తాత నాగలట్టుకుని ఎల్లినప్పుడు ఏటి తాగెల్లాడు? సోడంబలి. నాయనమ్మ ఊడుపులకెల్లినప్పుడు కేరేజీలో ఏటి అట్టుకెల్లింది? సోడంబలి. అంబలి తాగితే బలం, బలముంటే పని, పనుంటే కూలి, కూలుంటే బడి, బడికెల్తేనే కదా నాను ఇక్కడ నిలబడి ఈ మాట సెప్తన్నాను!"

అన్ను అన్ను అంటూనే రెండూ అనేసింది, మన శాస్త్రంలో దీన్ని ఆక్షేపం అంటారు, గ్రీకువాళ్ళు పారాలిప్సిస్ అంటారు. సోడంబలి సోడంబలి అని వాక్యం చివర ఒకే మాట పడటం చూడండి, బరువంతా ఆ చివరి మాట మీదే పడుతుంది. ఆ తర్వాత బలం, పని, కూలి, బడి అని ఒక మెట్టు పట్టుకుని ఇంకో మెట్టు ఎక్కింది. అర్థం వైపు చూస్తే ఒకటి ఇంకోదానికి కారణమయ్యే కారణమాల, శబ్దం వైపు చూస్తే విడిచిన మాటనే మళ్ళీ పట్టుకునే ముక్తపదగ్రస్తం. దీన్ని గ్రీకువాళ్ళు క్లైమాక్స్ అన్నారు, వాళ్ళ భాషలో ఆ మాటకి అర్థం నిచ్చెన. నేను ఈ పేర్లేవీ ముందు చెప్పలేదు, నాలుగు తిప్పుళ్ళు ఎలా ఉంటాయో చూపించానంతే, ఆ మాటలన్నీ వాళ్ళింట్లోవి.

ఇప్పుడు దాన్ని సరిదిద్దండి చూద్దాం. "నేను అనను", "తాతగారు ఏమి తాగి వెళ్ళారు", "చెబుతున్నాను". తప్పు ఒక్కటీ లేదు, ప్రాణమూ లేదు. "అన్ను" అన్నప్పుడు మాట ఠక్కున ఆగుతుంది, ఆ ఆగడంలోనే ఆ అలంకారం పనిచేస్తుంది. యాస తీసేస్తే అలంకారం నిలబడుతుందన్నారు, నాకైతే యాసతో పాటు అదీ పోయింది.

పైగా ఈ మెసేజ్ ఏ రోజు ముందు తిరుగుతోంది? ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, బళ్ళో పిల్లలకి మాట్లాడే భాషలో చదువు చెప్పండయ్యా అని జీవితాంతం పోట్లాడిన మనిషి. ఆయన వాదించింది శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే వాడుక భాష కోసమే, ప్రతి ఊరి యాస కోసం కాదు, ఆ తేడా నేను దాచను. కానీ ఆయనే గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టారు, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించాలని చూశారు. ఆయన జిల్లాలో, ఆయన రోజున, ఒక ఆడపిల్లని నీ నోరు పనికిరాదు అని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఫార్వర్డ్ నొక్కిన ప్రతి ఒక్కరికీ ఇందులో వాటా ఉంది, మా గ్రూపు మిత్రులకి కూడా.

అయిదోది, అబద్ధాన్ని అందంగా చెప్పడం నేర్పుతాయి. దీన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నా. రెండు రోజులు ఆలోచించాక కొట్టిపారేయలేకపోతున్నా, ఇందులో నిజం ఉంది. మన విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం తీసుకోండి, గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం ఎలా నేర్పుతాడు? దొరలు గొప్పవాళ్ళయింది చుట్ట వల్లనే అంటాడు, స్టీము యంత్రం రహస్యం కూడా అందులోంచే అంటాడు, ఆ మీద శాస్త్రం అని చెప్పి "పొగతాగనివాడు దున్నపోతై పుట్టున్" అని పద్యం చదువుతాడు. నేను పిల్లలకి నేర్పే పనిముట్లే అన్నీ: కారణం కాని కారణం, పెద్దల సాక్ష్యం, పద్యంతో మూత. సరదా ప్రసంగానికి ఇంతకంటే మంచి మచ్చు లేదు, అదే నోటితో వాడు ఎంతమందిని ముంచాడో కూడా గురజాడ వారు చూపించారు. తొమ్మిదేళ్ళుగా నేను మొదటి సగమే నేర్పాను. చప్పట్లు కొట్టించి కూర్చోబెట్టేశాను.

అరిస్టాటిల్ రెండు వైపులా వాదించడం తెలియాలన్నాడు, రెండూ చేయమని కాదు, ఎవడైనా అన్యాయంగా వాదిస్తే విప్పి చూపించగలగాలని. ఈ ఏడు నుంచి రూలు మారుస్తున్నా. ప్రసంగం అయ్యాక ఆ పిల్లో పిల్లాడో అక్కడే నిలబడాలి, ఎదురుగా ఉన్న పిల్లలు వదులుగా ఉన్న మెట్టు ఎక్కడో పట్టుకోవాలి. మన పాప నిచ్చెనలో ఒకటుంది, "కూలుంటే బడి". కూలి దొరికినా బడికి వెళ్ళని పిల్లలు ఎంతమంది లేరు? అది పట్టుకున్నవాడికీ మార్కులే. ఈ ఒక్క పాయింటుకి ఆ మెసేజ్ రాసినవాళ్ళకి నిజంగా థ్యాంక్స్. కానీ దానికి మందు పోటీ ఆపేయడం కాదు.

ఆరోది, మూడుసార్లు చెప్తే మెదడు నమ్మేస్తుంది. పదేపదే విన్నమాట నిజం అనిపించే గుణం మనుషుల్లో ఉందని 1977లోనే అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు చూపించారు, అంతవరకూ సరే. అనిపించడం వేరు, నమ్మేయడం వేరు, అందరూ నమ్మేస్తారనడం ఇంకా వేరు. నాకు ఈ మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది.

పాప వాళ్ళ నాన్నగారికి ఇదంతా రాత్రే పంపాను, ఆ పాప ప్రసంగం నా ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే అది కూడా పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు. లిస్టులో మూడో నంబరు ఆమెకే ఉంచాను.