శిఖరం తగ్గితే అంతా పాజిటివ్ కాదు

ల్యాంప్ (LAMP, ఒకే ఉష్ణోగ్రత దగ్గర డీఎన్‌ఏను కాపీలు తీసి పెంచే పరీక్ష)లో పెరిగిన డీఎన్‌ఏను మిథిలీన్ బ్లూ అనే రంగు, కార్బన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్‌తో చవగ్గా పట్టొచ్చన్న మాట నిజమే. రంగు డీఎన్‌ఏకు అతుక్కుంటే ఎలక్ట్రోడ్‌ను చేరడం నెమ్మదిస్తుంది; స్క్వేర్ వేవ్ స్కాన్‌లో (వోల్టేజీని మెట్లుమెట్లుగా మారుస్తూ కరెంటు కొలవడం) కరెంటు శిఖరం పొట్టిబడుతుంది, అదే పాజిటివ్‌కు గుర్తు. రంగు మరీ ఎక్కువైతే డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమ్ పాలిమరేజే మొరాయిస్తుంది.

అసలు చిక్కు బుడగలు. ల్యాంప్ నడిచే 65 డిగ్రీల దగ్గర ఎలక్ట్రోడ్ మీద బుడగ కూర్చున్నా శిఖరం తగ్గుతుంది! అందుకే చివరి కొలత ఒక్కటే నమ్మొద్దు, నిమిషానికోసారి స్కాన్ చేయండి. బుడగైతే కరెంటు ఒక్కసారిగా పడుతుంది, డీఎన్‌ఏ అయితే కొన్ని నిమిషాలపాటు జారుతుంది. పైన మినరల్ ఆయిల్ పొర, పక్కన డీఎన్‌ఏ వేయని ట్యూబు తప్పనిసరి.

ఈ స్కాన్ కోసం ఎల్‌ఎంపీ91000 (ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే చిప్) కొనేవాళ్లకు ఒక మాట: 2.5 వోల్టుల రిఫరెన్స్‌తో దాని బయాస్ (ఎలక్ట్రోడ్‌కు ఇచ్చే వోల్టేజీ) మెట్లు చాలావరకు 50 మిల్లీవోల్టులు. స్కాన్‌కు 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల మెట్టు కావాలి. అందుకే డాక్‌తో (DAC, అంకెను వోల్టేజీగా మార్చే చిప్) రిఫరెన్స్‌నే మార్చుకోవాల్సి ఉంటుంది.