మసాలాలో మన తెలుగు ఎక్కడ?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఏటా ఒక మూల ఆరోగ్య శిబిరం పెడతాం. బీపీ చూస్తారు, వేలిమీద సూది గుచ్చి షుగరు చూస్తారు, చీటీ మీద అంకె రాసిస్తారు. చీటీ లాల్చీ జేబులోకి వెళుతుంది, మనిషి పులిహోర వరుసలోకి వెళతాడు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చినప్పుడు పాత అంకె ఎంతో ఆయనకూ గుర్తుండదు, మన దగ్గరా ఉండదు. సెలవురోజు మానుకుని వచ్చే డాక్టర్ల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక్కరోజు అంకెను బట్టి జబ్బు ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియదు.

అది తెలియాలంటే మనుషులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పరీక్షలు మొదలుపెట్టి, ఏళ్ల తరబడి వారిని వెన్నంటి ఉండాలి. 1948లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్‌లో 5,209 మందితో ఆ పని మొదలైంది. రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్టు గుండెకు చేటని ఇవాళ అందరం తేలిగ్గా అనేస్తున్నామంటే, అందులో ఆ ఊరివాళ్ల ఓపిక చాలా ఉంది. తర్వాత వాళ్ల పిల్లలు, మనవలు కూడా చేరారు. అయితే మొదట చేరినవారు దాదాపు అందరూ తెల్లవాళ్లే. 2000లో మొదలైన ‘మెసా’ అనే మరో గుండెజబ్బుల అధ్యయనంలో తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనా మూలాలవారు కలిపి 6,814 మంది ఉన్నారు. మన దక్షిణాసియావాళ్లం లేము.

ఆ లోటు తీర్చడానికే 2010లో ‘మసాలా’ అనే అధ్యయనం మొదలైంది. పేరు వంటింటిదే గానీ, నిజానికి అది ఓ పొడవాటి ఇంగ్లీషు పేరుకు కుదింపు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో ప్రాంతాల్లో 40 నుంచి 84 ఏళ్ల మధ్యనున్న 906 మంది దక్షిణాసియా మూలాలవారిని మొదట చేర్చుకున్నారు. మెసాతో పోల్చి, వయసు తేడాలు సరిచేసి చూస్తే మనవైపు 23 శాతం మందికి షుగరు ఉంది, తెల్లవాళ్లలో 6 శాతం మందికే. మామూలుగా చెప్పే కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. ఇంటిపేర్లు చూసి పిలిచిన ఆ అధ్యయనంలో చేరడానికి ఇంగ్లీషో హిందీయో ఉర్దూయో వచ్చి ఉండాలి. మనలో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇంగ్లీషు వచ్చు, ఇబ్బంది లేదు. మా అత్తగారి సంగతి ఏమిటి? ఆమెకు తెలుగు తప్ప వేరే మాట రాదు. డాక్టరు ఏమి తింటారని అడిగితే, మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పేలోపే “మామూలు భోజనమేనమ్మా” అనేస్తారు. ఆ మామూలులో రెండు పూటలా తెల్లన్నం, ఆవకాయ, నేతి చుక్క, చివర పెరుగన్నం ఉన్నాయని అడిగినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తెలుగువాళ్లు ఇలాంటి పరిశోధనకు కొత్తవాళ్లేమీ కాదు. 1987–90 మధ్య హైదరాబాదు దగ్గర 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. అందులో 15 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్‌కు వాళ్ల ఒళ్లు మెరుగ్గా స్పందించింది, రక్తనాళాల బిరుసుతనం తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించిందన్నమాట. ఆ పల్లెల తల్లులు చేసిన పని ఇక్కడ ఇంత చదువుకున్న మనం చేయలేమా?

“మన జబ్బులు వాళ్లకెందుకు, రేపు పిల్లల సంబంధాలకు అడ్డు” అనే గొణుగుడు నేనూ విన్నాను. ఫలితాలు అచ్చయ్యేది అంకెలుగానే, పేర్లతో కాదు. నాకు అంతకంటే పెద్ద బెంగ మధ్యలో మానేసేవాళ్ల గురించే. ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లినవాళ్లు ఫోను ఎత్తకపోతే, అప్పటిదాకా ఇచ్చిన రక్తంలో సగం వృథా.

సంఘం కార్యవర్గానికి నేను రాసిచ్చింది రెండే మాటలు. దగ్గరలోని విశ్వవిద్యాలయాలకు, మా పెద్దలతో తెలుగులో మాట్లాడేవారిని మేం ఇస్తామని ఉత్తరం రాయండి. ఉగాది బల్ల దగ్గర పోయినేటి చీటీ తెచ్చినవాళ్లకు ముందు వరుస ఇవ్వండి. మా అత్తగారి చీటీ ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచాను.