పిల్స్‌నర్‌ని నీళ్ళంటున్నవాళ్ళకి

అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: అమెరికా పిల్స్‌నర్ (లేత బంగారు రంగులో ఉండే ఒక రకం బీరు) అంటే పసుపు నీళ్ళు. బియ్యం, మొక్కజొన్న కలిపి కల్తీ చేస్తారు. ఐస్‌లా ఉంటే తప్ప గొంతు దిగదు. క్రాఫ్ట్ (చిన్న బ్రూవరీల సరుకు) అని పేరు పెట్టి డబ్బులు గుంజుతారు. రుచి కావాలంటే ఐపీఏ అనే ఘాటైన చేదు బీరు తాగాలి. ఎలాగూ లైట్ బీరే కనక నాలుగు తాగినా కారు నడపొచ్చు.

ఆ చివరి ముక్క ప్రమాదకరం, ముందు దాని సంగతి చూద్దాం. బీరు రంగు మాల్టుని (మొలకెత్తించిన బార్లీని) ఎంత వేడి మీద ఆరబెట్టారో, గింజల్ని ఎంత వేయించారో దాన్ని బట్టి వస్తుంది. రంగు లేతగా ఉంది కదా అని లైట్ అనుకోకండి, ఆల్కహాల్‌తో రంగుకి సంబంధం లేదు. నల్లగా కనిపించే గిన్నిస్ డ్రాట్ 4.2 శాతం, బంగారు రంగులో ఉండే విక్టరీ వారి ప్రైమా పిల్స్ అనే పిల్స్‌నర్ 5.3 శాతం. అమెరికాలో 5 శాతం బీరు 12 ఔన్సులైతే ఒక డ్రింకు లెక్క. బార్‌లో పోసే 16 ఔన్సుల పింటులో ప్రైమా పిల్స్ ఇస్తే ఒక్క గ్లాసే దాదాపు ఒకటిన్నర డ్రింకు. నాలుగు తాగినవాడి చేతికి తాళాలు ఇవ్వకండి.

ఇక నీళ్ళన్న మాట. ఈ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో ఊహించగలను. మిల్లర్ లైట్ డబ్బా మీద కూడా పిల్స్‌నర్ అనే రాసి ఉంటుంది. అది తాగి మొత్తం జాతినే తీసిపారేస్తే ఎలా? 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశంలోని) ప్లజెన్ ఊళ్ళో జోసెఫ్ గ్రోల్ చేసిన అసలు బీరుకి లేత మాల్టు, సాట్స్ రకం హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ పూలు), ఉప్పులు తక్కువున్న మెత్తటి నీరు ఆధారం. చేదే దాని వెన్నెముక. చేదుని కొలిచే ఐబీయూ లెక్కలో పిల్స్‌నర్ ఉర్కెల్ 40 ప్రాంతంలో ఉంటుంది, పెన్సిల్వేనియాలో తయారయ్యే ప్రైమా పిల్స్ ఇంకొంచెం పైన. పెద్ద కంపెనీల లైట్ లాగర్లు (లాగర్ అంటే చల్లగా పులియబెట్టే బీరు, పిల్స్‌నర్ కూడా అందులో ఒకటే) 10 దగ్గరే ఆగిపోతాయి. నీళ్ళలా ఉందని తిట్టాలంటే వాటిని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

పిల్స్‌నర్ రుచి ఆలస్యంగా తెలుస్తుంది, చాలామంది అక్కడే పొరబడతారు. ముందు నోట్లోకి వచ్చేది బ్రెడ్డు, కొద్దిగా తేనె తగిలే మాల్టు. ఆ వెనకే పచ్చగడ్డి, పూలు, మిరియపు ఘాటు. మింగేశాక పది సెకన్లు ఊరుకోండి. నాలుక మొదట్లో చేదు మెల్లగా లేచి, నోరు పొడిబారి, చెయ్యి తనంతట తానే గ్లాసు మీదకి వెళుతుంది. గటగటా తాగేవాడికి ఇదంతా దొరకదు. దినుసులు తక్కువైన చారులో లాగే ఇందులోనూ తప్పు దాగదు: ఉడికిన మొక్కజొన్న వాసనో, వెన్న వాసనో వచ్చిందంటే చేసినవాడు ఎక్కడో తొందరపడ్డాడు. క్రాఫ్ట్ అని రాసున్నా సరే, అలాంటిది వదిలేయండి.

ఐస్‌లా ఉండాలన్నది పూర్తిగా తలకిందులు. మరీ చల్లనైతే వాసన బయటికి రాదు, నాలుక మొద్దుబారుతుంది. 4 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ చాలు. ఫ్రీజర్‌లో పెట్టిన మగ్గు వద్దు, దాని గోడలకి పట్టిన మంచు కరిగి బీరులోనే కలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, జిడ్డు లేని గ్లాసులో రెండు వేళ్ళ నురగ నిలిచేలా పోయండి. నురగ తగ్గించమని బార్‌లో గొడవపడేవాళ్ళని చూశాను. ఆ నురగలోంచే హాప్స్ వాసన ముక్కుకి అందుతుంది. గ్లాసు లోపలి గోడకి బుడగలు అతుక్కుని కదలకుండా ఉన్నాయా? అది సరిగా కడగని గ్లాసు, మార్చమనండి.

బియ్యం, మొక్కజొన్న కలపడం కల్తీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన జర్మన్ బ్రూయర్లకి అమెరికాలో దొరికిన ఆరు వరసల బార్లీలో ప్రోటీన్ ఎక్కువ. దాన్ని తేలిక చేయడానికి ఇవి కలిపారు. ఈనాటి క్రాఫ్ట్ పిల్స్‌నర్లలో చాలావరకు అచ్చంగా మాల్టే. ఆస్టిన్‌లోని లైవ్ ఓక్ బ్రూవరీ వాళ్ళయితే తమ పిల్జ్ అనే పిల్స్‌నర్ కోసం మాష్‌లో (మాల్టు, వేడినీళ్ళ మిశ్రమంలో) కొంత భాగాన్ని తీసి విడిగా మరిగించి మళ్ళీ కలిపే పాత చెక్ పద్ధతి పాటిస్తారు. ఎంత చాకిరీయో!

రుచికి ఐపీఏయే దిక్కన్నవాళ్ళు కాలిఫోర్నియాలోని ఫైర్‌స్టోన్ వాకర్ వారి పీవో పిల్స్ రుచి చూడాలి. టిపోపిల్స్ అనే ఇటలీ పిల్స్‌నర్ స్ఫూర్తితో, జర్మన్ సఫీర్ హాప్స్‌తో డ్రై హాపింగ్ (మరిగించకుండా, చివర్లో హాప్స్ వేసి వాసన పట్టించడం) చేసిన బీరది. గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో 2013 నుంచి వరసగా మూడేళ్ళు బంగారు పతకం కొట్టింది. హాప్స్ ఘుమఘుమ కావాలి, చేదు మాత్రం మొహాన కొట్టకూడదు అనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ధర సంగతికొస్తే, లాగర్‌ని చల్లగా వారాల తరబడి ట్యాంకులో ఉంచాలి. ఐపీఏ లాంటి ఏల్స్ (వెచ్చగా పులియబెట్టే బీర్లు) చాలావరకు అంతకంటే త్వరగా బయటపడతాయి. ట్యాంకు ఎన్నాళ్ళు ఆగితే అంత ఖర్చు. కాకపోతే షాపులో ఎప్పటిదో పాత సరుకు అంటగడితే ఆ ధర దండగే, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకని డబ్బా అడుగున ముద్రించిన తేదీ చూడండి. పచ్చ సీసాలో, ట్యూబ్‌లైట్ వెలుతురు పడే అరలో ఉన్నదైతే అసలు ముట్టుకోకండి. ఆ వెలుతురుకి హాప్స్ పాడై దుర్వాసన కొడుతుంది.