బీపీ మాత్ర మానేసి నొప్పుల మాత్ర వేసుకోమంటున్నారు, నమ్మకండి

"బీపీ వల్ల మెదడులో ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది. బీపీ మాత్రలు దాన్ని తగ్గించవు. రోజూ పసుపు పాలు తాగండి, ఒక నొప్పుల మాత్ర వేసుకోండి, అంతా పోతుంది." ఇప్పుడే గ్రూపులో వచ్చింది. కింద వరసగా దండాలు. ఒళ్లు మండిపోతోంది. మొదటి వాక్యం నిజం, దాని చాటున మిగతా రెండు అబద్ధాలూ చెల్లిపోతున్నాయి.

ఈ ఇన్‌ఫ్లమేషన్ (కణాలు రెచ్చిపోవడం వల్ల వచ్చే వాపు లాంటిది) జ్వరంతో వచ్చే మెదడువాపు కాదు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగేది. రక్తనాళాల్ని బిగించే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ ఒంట్లో ఉంటుంది. రక్తంలోవి అన్నీ మెదడులోకి పోకుండా ఒక అడ్డుపొర ఉంది గానీ, మెదడులోని సబ్‌ఫోర్నికల్ ఆర్గన్ లాంటి కొన్ని చోట్ల అది గట్టిగా ఉండదు. ఈ హార్మోన్ అక్కడ తగులుకుని బీపీని అదుపుచేసే మెదడు భాగాల్లో ఒకటైన హైపోథాలమస్ దాకా కబురు పంపుతుంది. అక్కడ మెదడుకి కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1 బీటా లాంటి, ఇన్‌ఫ్లమేషన్ పెంచే రసాయనాలు వదులుతాయి. ఒంటిని ఉరుకులు పెట్టించే సింపథెటిక్ నరాల జోరు పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుస్తాయి, కిడ్నీలు ఉప్పు పట్టి ఉంచుతాయి. బీపీ ఇంకా ఎక్కుతుంది. ఎక్కిన బీపీ ఆ అడ్డుపొరనే దెబ్బతీస్తుంది, మళ్లీ మొదటికి. ఈ వివరాలు ఎక్కువగా ఎలుకల్లో తేలినవే. కానీ బీపీని ఏళ్లపాటు వదిలేసిన మనుషుల ఎమ్మారైలో మెదడు లోపలి తెల్లపదార్థంలో మచ్చలు కనిపించడం డాక్టర్లందరికీ తెలుసు. ఆలోచన మందగించడం, నడక తడబడటం ఆ మచ్చలతో ముడిపడినవే.

మరి మాత్రలు పనికిరావట! టెల్మిసార్టాన్, లోసార్టాన్ అడ్డుకునేది సరిగ్గా ఆ యాంజియోటెన్సిన్ తగులుకునే చోటునే. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే పరిశోధన ఫలితాలు చూడండి. అమెరికాలో 50 దాటిన, షుగర్ లేని బీపీ మనుషుల మీద చేశారు. పై అంకెను 120 లోపు ఉంచాలని చూసిన వాళ్లలో, 140 లోపు ఉంచిన వాళ్లకంటే తొలిదశ మతిమరుపు దాదాపు 19 శాతం తక్కువ. పూర్తి డిమెన్షియాలో తేడా గట్టిగా తేలలేదు, అదీ చెప్పాలి. తగ్గించింది మాత్రం పసుపు పాలు కాదు, మాత్రలు.

అన్నిటికంటే ప్రమాదం ఆ నొప్పుల మాత్ర సలహా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇవన్నీ కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల్ని తగ్గిస్తాయి. ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, టెల్మిసార్టాన్ పని తగ్గిపోతుంది. మీ స్ట్రిప్ మీద మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే అందులో మూత్రం పోయించే మందు కూడా ఉన్నట్టే. టెల్మిసార్టాన్, ఆ మందు, పైన నొప్పుల మాత్ర, మూడూ కలిస్తే, అందులోనూ విరేచనాలో ఎండదెబ్బో తోడైతే, కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తున్నారు. ఇచ్చేముందు "బీపీ ఉందా" అని అడిగే పాపాన పోరు!

"నార్మల్ వచ్చింది, మానేశాను" అనేవాళ్లకి కూడా చెప్తున్నా, అది మాత్ర వల్ల వచ్చిన నార్మల్. క్లోనిడిన్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఇంకా ముప్పు.

అసలు ఆ నార్మల్ ఎలా చూశారు? ఇది నా పాత కడుపుమంట. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, ఊరి కబుర్లు అడుగుతూ బీపీ చూస్తారు. టీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ బట్ట మీద కాదు, చర్మం మీదే. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇంట్లో చూస్తే 135/85 నుంచే ఎక్కువ కింద లెక్క.

ఇలా తప్పుగా చూసిన అంకెతో డోసు పెంచేస్తారు, పెద్దాయన మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడతాడు, తుంటి ఎముక విరుగుతుంది, తప్పు మాత్రది అవుతుంది. పెద్దవాళ్లకి కూర్చోబెట్టి చూశాక, నిలబెట్టిన ఒక నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి చూడాలి. పై అంకె 20 పడిందంటే డోసు గురించి డాక్టర్ మళ్లీ ఆలోచించాలి. ఎన్ని క్లినిక్కుల్లో ముసలివాళ్లని నిలబెట్టి చూస్తున్నారో చెప్పండి.