సేటు మొలతాడుకు వేలాడే తాళంచెవి గారికి

నల్లగొండ.

మహారాజశ్రీ గల్లాపెట్టె తాళంచెవి గారి దివ్యసముఖానికి, ప్రకాశం బజారు పక్క గల్లీలోని పైపులు, మోటర్ల దుకాణంలో సాయంత్రం పూట లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి చేసుకునే మనవి.

దుకాణం బోర్డు మీద సేటు పేరుంది. జీఎస్టీ సర్టిఫికెట్ మీద కూడా ఆయన పేరే ఉంది. అయినా అసలు యజమాని ఎవరో మాకందరికీ తెలుసు. తమరే. తమరు వస్తే దుకాణం తెరుచుకుంటుంది. తమరు భోజనానికి పోతే దుకాణం కూడా భోజనానికి పోతుంది. ఒంటిగంటకు సేటు ఇంటికి పోయి, అన్నం తిని, ఓ కునుకు తీసి వచ్చేదాకా తమరు ఆయన బొడ్డు పక్కన హాయిగా సేదతీరుతారు. ఈలోపు మునుగోడు నుంచి వచ్చిన రైతు పైపు మలుపులో వేసే ఎల్బోలు రెండు, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా ఒకటి పట్టుకుని 500 నోటు చూపిస్తూ నిలబడతాడు. "చిల్లర లేదే తాతా, సేటు రావాలె" అంటాడు మా పిలగాడు. అక్కడ బత్తాయి తోట ఎండుతోంది, ఇక్కడ బస్సు టైమవుతోంది. కొందరు ఆగుతారు. కొందరు ఎదురు దుకాణానికి పోతారు. ఆ సంగతి తమరి దాకా రాదు. గల్లాలో వచ్చిన పైసలే పడతాయి గానీ, పోయిన బేరం పడదు కదా.

పిలగాడు అన్నాను గానీ అతనికి ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్ల నుంచి ఇక్కడే పనిచేస్తున్నాడు. ఏ బోరుకు ఎన్ని హెచ్‌పీల మోటరు పడుతుందో రైతు ఊరి పేరు చెప్పగానే చెప్పేస్తాడు. అయినా పిలగాడే. తమరి ఏలుబడిలో ఎవరికీ వయసు రాదు.

ఒకప్పుడు తమరి దర్జాకు ఒక అర్థం ఉండేది, కాదనను. సంత రోజు సాయంత్రం గల్లా మూత పడేది కాదు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు తమరు కాపలా కాసిన 500, 1000 నోట్లన్నీ ఒక్క ప్రసంగంతో కాగితాలైపోయాయి. ఆ తర్వాత కౌంటరు మీదకు క్యూఆర్ కోడ్ అట్ట వచ్చింది, దాని పక్కన "రూపాయలు అందాయి" అని అరిచే డబ్బా వచ్చింది. ఇప్పుడు మోటరు కొన్నవాడు ఫోన్‌తో కొడితే పైసలు నేరుగా బ్యాంకులో పడతాయి. గల్లాలో ఏముంటాయి? చిల్లర, రెండు చిరిగిన పది నోట్లు, కాలం చెల్లిన ఒక గ్యారంటీ కార్డు, లక్ష్మీదేవి ఫొటో. ధనం తరలిపోయినా తాళం మాత్రం అట్లనే ఉంది. జెడ్ కేటగిరీ భద్రత అంటే ఇదే కాబోలు.

పైగా తమరికి ఈ మధ్య ఒక చెల్లెలు పుట్టింది, ఓటీపీ అని. ప్రతి నెల 20లోగా జీఎస్టీ 3బీ రిటర్ను, అంటే అమ్మకాల, పన్నుల లెక్క, వేయాలి. లెక్కంతా నేను సిద్ధం చేసి పెడతాను, చివరి ఓటీపీ మాత్రం సేటు ఫోనుకు వస్తుంది. మొన్న చెర్వుగట్టు జాతర సందడిలో ఆయన ఫోన్ మోగింది ఆయనకే వినబడలేదు. ఆలస్యానికి రోజుకు 50 రూపాయల చొప్పున రుసుం పడింది. ఇంకొకరిని కూడా అధీకృత సంతకందారుగా చేర్చుకునే వీలు అదే పోర్టల్లో ఉందని చెప్పాను. "రేపు దుకాణమే నీ పేరు మీద ఎక్కితే?" అన్నారు సేటు. నాకు నవ్వాలో దండం పెట్టాలో తెలియలేదు. వాళ్లింట్లో చదువుకున్న కొడుకు ఉన్నాడు. పోనీ అతన్నే చేర్చండి అన్నాను. దానికి జవాబు రాలేదు.

ఇక తమరి హైదరాబాదు ప్రయాణం సంగతి. చిన్న వ్యాపారులకు నాయకత్వ లక్షణాలు నేర్పుతామని ఎవరో పెద్ద హోటల్లో ఒకరోజు తరగతి పెట్టారు. సేటు ఫీజు కట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దుగాల బస్సెక్కారు. నార్కట్‌పల్లి దాటినంక పిలగాడికి ఫోన్ చేశారు: "అరేయ్, తాళంచెవి నా దగ్గరనే ఉన్నది. జర చూసుకోండ్రి." పనులు కిందివాళ్లకు అప్పగించడమెట్లాగో నేర్చుకోవడానికి పోయిన మనిషి వెంట తమరు కూడా ఏసీ హాల్లో ఆఖరి వరుసలో కూర్చుని అదే పాఠం విన్నారు. తమరు ఏం నేర్చుకున్నారో నాకు తెలియదు. ఇక్కడేం జరిగిందో చెప్తాను.

పిలగాడు పక్క చాయ్ హోటల్లో వెయ్యి రూపాయల చిల్లర అప్పు తెచ్చాడు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి కౌంటరు మీద పెట్టాడు. పాత క్యాలెండరు కాగితం వెనక మూడు గీతలు గీశాడు: ఏం పోయింది, ఎంత వచ్చింది, ఎట్ల వచ్చింది. ప్రతి బేరం రాశాడు. ఒక మోటరు, రెండు స్టార్టర్లు, కెపాసిటర్లు, పైపులు. బేరమాడిన ఒకాయనకు 60 రూపాయలు తగ్గించి, "తగ్గింపు" అని విడిగా రాసుకున్నాడు. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. రాత్రి సేటు వచ్చి లెక్కపెట్టారు. చాయ్ హోటల్ అప్పు తీసేస్తే పైసలు రాతకు సరిపోవాలి. 40 రూపాయలు ఎక్కువొచ్చాయి.

"నలభై ఎక్కువెట్ల వచ్చినయ్‌రా?" సేటు ముఖం మారింది. తక్కువొస్తే తిట్టడానికి ఆయన సిద్ధమై వచ్చారు గానీ, ఎక్కువొస్తే ఏం చేయాలో తరగతిలో చెప్పలేదు.

"మోటరు కొన్న తాత చిల్లర ఒద్దన్నడు సేటూ. మీరు చాయ్ తాగుండ్రి అన్నడు."

"మరి తాగలేదేమిరా?"

"మిమ్ములను అడిగినంక తాగుదమని."

ఆ మర్నాడే సేటు ఒక కాగితం కంప్యూటర్ మీద కొట్టించి, లామినేషన్ చేయించి గోడకు అంటించారు. తరగతిలో చెప్పారట, ప్రతి దుకాణానికి ఒక ఎస్ఓపీ, అంటే ఏ పని ఎట్ల చేయాలో రాసిన కాగితం, ఉండాలని. మాది ఇట్లా ఉంది: రేటు సేటును అడగాలె. ఉద్దెర సేటును అడగాలె. వాపసు సేటును అడగాలె. స్టాకు అయిపోతే సేటుకు చెప్పాలె. దాని పక్కనే తరగతి సర్టిఫికెట్, ఫ్రేములో.

ఈ నాయకత్వం చదువు మనకు కొత్తదేమీ కాదు. 1964లో హార్వర్డ్ మానసిక శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాదు రప్పించి, అప్పట్లో సియెట్ అని పిలిచే సంస్థలో శిక్షణ ఇప్పించాడు. ఇవాళ యూసుఫ్‌గూడలో ఉన్న చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ అదే. ఏదైనా సాధించాలన్న పట్టుదలను నేర్పొచ్చా లేదా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని తేలింది. ఆయన పరిశోధనల్లో ఒక ఆట ఉండేది. నేల మీద మేకు పాతి, చేతికి రింగులిచ్చి, ఎంత దూరం నుంచి విసురుతావో నువ్వే తేల్చుకొమ్మంటారు. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు. కొందరు మరీ దూరం పోయి అదృష్టం మీద వేస్తారు. నిజంగా సాధించాలనుకునేవాడు మధ్యలో నిలబడతాడు. అక్కడి నుంచి తప్పొచ్చు, కానీ ప్రయత్నిస్తే పడుతుంది. మా సేటును ఆ ఆటకు పిలిస్తే మేకునే పీకి ఇంటికి తీసుకెళ్తారు, తమరి పక్కన మొలతాడుకు కట్టుకోవడానికి.

కాకినాడ దాకా ఎందుకు, తమరి ఎదురుగానే ఒక నాయకురాలు ఉంది. పొద్దున దుకాణం ఊడ్చి, నీళ్లు తెచ్చి, కలిసిపోయిన నట్లూ బోల్టులూ ఏరి ఏ డబ్బాలోవి ఆ డబ్బాలో వేసే అక్క. పానగల్లు నుంచి వస్తుంది. వాళ్ల మహిళా సంఘానికి ఆమె రెండో లీడరు. ఆ సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల్లోపల అప్పులు, వాయిదా చెల్లింపు, పుస్తకాలు రాయడం. బ్యాంకులోంచి ఒక్క రూపాయి తీయాలన్నా ఒక్కరి సంతకం చాలదు. పైసలు ముట్టుకునేది ఒకరు, పుస్తకం రాసేది ఇంకొకరు. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో అందరూ కూర్చుని తీర్మానం రాసుకుంటారు. మొదటి లీడరు బిడ్డ కాన్పుకు పోతే మా అక్క సమావేశం నడిపింది, సంఘం ఒక్కరోజు ఆగలేదు. ఇట్లాంటి సంఘాలకు బ్యాంకు ఇరవై లక్షల దాకా ఏ తాకట్టూ లేకుండా అప్పిస్తుంది. మన సేటు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు.

ఆ అక్క చేతికి చాయ్‌లకు 100 రూపాయలిచ్చి పంపిస్తే, గుమ్మంలో కాలు పెట్టకముందే "మిగిలినయ్ ఏవీ" అని సేటు అడుగుతారు. ఆమె ఏమీ అనదు. చీటీతో సహా కౌంటరు మీద పెడుతుంది. అలవాటు మరి, సంఘంలో చీటీ లేకుంటే లెక్క ఒప్పుకోరు.

"మనుషులు దొరుకుతలేరు, దొరికినా బాధ్యత లేదు" అని సేటు రోజూ వాపోతుంటారు. మా పిలగాడికంటే ముందు చేరిన పెద్ద పిలగాడు నాలుగేళ్ల కింద లెక్క తీసుకుని వెళ్లిపోయి, హైదరాబాదు రోడ్డు మీద సొంత దుకాణం పెట్టాడు. పైపుల పనిలో అతన్ని మించినవాడు లేడు. మొన్న పనిమీద అటు పోతే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. చాయ్ తెచ్చిన కుర్రాడికి పైసలివ్వడానికి చొక్కా ఎత్తి మొలతాడు వెతుక్కున్నాడు. తమరి మనుమడు కనిపించాడు, కొత్తది, ఇంకా మెరుస్తోంది. వంశం వర్ధిల్లుతోందని తెలియజేసుకుంటున్నాను.

అందుకని తమరిని పదవి దిగమని అడగను. దిగరు. చిన్న కోరిక. ఒక డబ్బాలో 5,000 రూపాయలు పెట్టి అక్కకు అప్పజెప్పండి. ఖర్చయినదానికల్లా చీటీ. రాత్రి మూసేటప్పుడు చీటీల మొత్తం, మిగిలిన పైసలు కలిపితే 5,000 రావాలి. మర్నాడు చీటీల మేరకు మళ్లీ నింపాలి. పుస్తకం పిలగాడు రాస్తాడు, డబ్బా ముట్టుకోడు. అక్క డబ్బా పట్టుకుంటుంది, పుస్తకం రాయదు. సేటు చెప్పాపెట్టకుండా ఎప్పుడైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. తగ్గింపుకు వందకు మూడు రూపాయల హద్దు గీస్తే, ఆ లోపల అడగనక్కరలేదు. ఉద్దెర ఎవరికివ్వొచ్చో ఊళ్లవారీగా పేర్లు రాసి, ఎంతదాకా ఇవ్వొచ్చో పక్కన వేయండి. తప్పులు జరగవా? జరుగుతాయి. ఒక ఎల్బో తక్కువ రేటుకు పోతుంది, ఎవరో ఒకరు ఉద్దెర ఎగ్గొడతారు. తమరి కాపలాలో ఎగ్గొట్టినవాళ్ల పేర్లు కూడా నా పుస్తకంలోనే ఉన్నాయి, కావాలంటే చదివి వినిపిస్తాను. కొంచెం టైం పడుతుంది.

లామినేషన్ కాగితం పీకనక్కరలేదు. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది, దాని మీదే రాసుకోవచ్చు.

ఇట్లు
తమరి విధేయుడు
లెక్కల గుమాస్తా

తా.క.: ఇంకో సంగతి, తమరు నొచ్చుకోకండి. గల్లాపెట్టె ఎడమ మూల కొంచెం పైకెత్తి లాగితే తాళం లేకుండానే వస్తుంది. పిలగాడికి తెలుసు, అక్కకు తెలుసు, చాయ్ హోటల్ కుర్రాడికీ తెలుసు. సేటు హైదరాబాదు పోయిన రోజు ప్లాస్టిక్ డబ్బా పెట్టింది తమరి మర్యాద కోసమే.