టెంకాయనూనె సీసా గారికి, అనంతపురం నుంచి

అయ్యా,

తలకు రాసుకునే సరుకుగా ఉన్నంతకాలం మీతో మాకు పేచీ లేదు. పైగా గౌరవమే. వెంట్రుకల్లోని ప్రోటీన్ పోకుండా కాపాడటంలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మీ కాలిగోటికి సరిపోవని 2003లోనే ఒక పరిశోధన వచ్చింది. చేసినవాళ్లు మిమ్మల్ని అమ్మే కంపెనీవాళ్లే అనుకోండి, అయినా మా అవ్వల జడలు చూసినవాళ్లం, నమ్మేశాం. ఇప్పుడు మీరు తల దిగి వంటింట్లో దూరారు, అక్కడొచ్చింది తంటా.

మా చిన్నమ్మ తాళింపు మీతోనే. పొద్దున కాఫీలో కూడా ఒక చెంచా ఒంపుకుంటుంది. "ఒళ్లు తగ్గుతాదంట, థైరాయిడ్ పోతాదంట, మతిమరుపు రాదంట" అంటుంది. ఎవరు చెప్పినారు చిన్నమ్మా అంటే ఫోన్ చూపిస్తుంది. ఇన్ని రోగాలకు వైద్యం చేసే డాక్టరు మా జిల్లా మొత్తంలో లేడు స్వామీ.

పెద్ద చెంచాడు మీలో సుమారు 12 గ్రాముల సంతృప్త కొవ్వు. నెయ్యి కూడా మీ ముందు బలాదూర్. చెడ్డ కొలెస్ట్రాల్ పెంచుతారు, వాడొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది. మంచిదాన్నీ పెంచుతాడు కదా అని మీ అభిమానులు లేస్తారు. పెంచుతారు, కాదనను. దొంగతనానికొచ్చినోడు పోతూ పోతూ వాకిలి ఊడ్చిపోయినట్టు. ఇక ఒళ్లు తగ్గిస్తారన్న పేరు మీ సొంతం కూడా కాదు. ఆ పరిశోధనలు ఎంసీటీ అనే, ప్రత్యేకంగా తయారుచేసిన నూనె మీద జరిగాయి. మీలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, ఆ నూనెలో అది నామమాత్రం. పక్కింటోడి మార్కులు చూపించి సన్మానం చేయించుకుంటున్నారు.

మీరు తిండి నూనెనా, తల నూనెనా అని పన్నులవాళ్లు ఏళ్ల తరబడి కోర్టులకు తిరిగారు. 2018లో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరూ చెరోమాట చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని, చిన్న సీసాలో ఉన్నంతమాత్రాన తల నూనె అయిపోదు, తిండి నూనె కిందే లెక్క అని తేల్చారు. అది పన్ను సంగతి మహాప్రభో! మా చిన్నమ్మ దాన్ని డాక్టరు చీటీ అనుకుంటోంది.

అయినా మీరొచ్చింది ఎక్కడికి? సెనిక్కాయల జిల్లాకి. వాన మొహం చాటేసినా మా రైతులు ఎర్రనేలల్లో మళ్లీ అదే విత్తనం వేస్తారు. ఉగ్గానిలోకి బజ్జి వేసినా, ఓళిగ కాల్చినా ఆ నూనే. అందులో సంతృప్త కొవ్వు మీలో ఉన్నదాంట్లో ఐదో వంతు. దాన్ని గడప దాటించి మీకు పీట వేస్తున్నాం.

మీ తమ్ముడు ఎళనీళ్లు, అదే కొబ్బరిబోండం నీళ్లు, మంచోడే. మే నెల ఎండలో క్లాక్ టవర్ దగ్గర వాణ్ని తాగనివాడెవడు? కానీ వాడిలో పొటాషియం మెండు, సోడియం తక్కువ. విరేచనాలతో పడుకున్నవాడికి కావలసింది ఓఆర్ఎస్. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకైతే ఆ పొటాషియమే గుండె లయ తప్పించగలదు. ఆస్పత్రిలో చూడ్డానికి వచ్చే మన చుట్టాలు మాత్రం "చలవ" అంటూ కాయలు మోసుకొస్తూనే ఉంటారు. తమ్ముడికి మీరే కొంచెం బుద్ధి చెప్పండి.

ఇట్లు,
చిన్నమ్మ కొడుకు వరసవాడు

తా.క.: వచ్చే వారం చిన్నమ్మకు లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, చేయిస్తున్నా. రిపోర్టు మీకే పంపుతా. బిల్లు కూడా.